హార్మొనైజర్‌తో నా కుస్తీ

పాటకి వెనక కోరస్ కావాలి, పాడేవాళ్ళు ఎవరూ లేరు, సరే అని సెకండ్ హ్యాండ్‌లో ఒక వోకల్ హార్మొనైజర్ కొన్నా. మైక్ పెట్టి పాడితే పక్కన నా గొంతుతోనే ఇంకో ఇద్దరు పాడతారనుకున్నా. పాడారు, కాకపోతే అందులో ఒకడు నా మీద కక్ష తీర్చుకుంటున్నట్టు పాడాడు.

తప్పు నాదేలెండి. మాన్యువల్ తెరవకుండా పై గొంతుని 4 సెమిటోన్ల (కీబోర్డ్‌లో పక్కపక్క మెట్ల మధ్య దూరమే ఒక సెమిటోన్) మీద ఫిక్స్ చేసి కూర్చున్నా. సి మేజర్ పాట, నేను సి (C) పాడితే అది ఈ (E) పాడింది, ఆహా అనుకున్నా. డి పాడగానే ఎఫ్ షార్ప్ ఎత్తుకుంది, ఆ స్కేల్‌లోనే లేని స్వరం. అక్కడ రావాల్సింది ఎఫ్, అంటే 3 సెమిటోన్లే. ఒక్కో స్వరానికి ఈ దూరం మారిపోతుంది కాబట్టి కీ, స్కేల్ మనమే ముందు సెట్ చేసి పెట్టాలి, లేదంటే గిటార్ ఇన్‌పుట్ ఉన్న మెషీన్ అయితే మనం వాయించే కార్డ్‌ని (chord, ఒకేసారి మోగే స్వరాల గుంపుని) పట్టుకుని అదే చూసుకుంటుంది. నాదానికి ఆ ఇన్‌పుట్ ఉంది, వెనకాలే ఉంది, రెండు రాత్రుల తర్వాత కనిపించింది.

గిటార్ కలిపాక ఇంకో గోల. నేను నోరు మూసుకున్నా హార్మొనీ ఏదో గొణుగుతూనే ఉంది. చూస్తే ఎదురుగా స్పీకర్, దాంట్లోంచి వచ్చే గిటార్ మైక్‌లోకి పోతోంది, పాపం మెషీన్ దాన్నే నా గొంతు అనుకుంటోంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా, నోరు మైక్‌కి దగ్గరగా పెట్టా, అంతే, మెషీన్ నోరు మూసుకుంది.

అసలు ఇబ్బంది గమకాలతో వచ్చింది. నేను ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారుతుంటే అది స్కేల్‌లో ఉన్న స్వరాల మీదే కాలు పెడుతూ టకటకా మెట్లు దిగుతోంది, వినడానికి రోబో ఏడ్చినట్టుంది. 1975లో ఈవెంటైడ్ హెచ్910 అనే హార్మొనైజర్ వచ్చినప్పటి నుంచి ఈ మెషీన్లు చాలా తెలివి మీరాయి గానీ జారుడుకి మాత్రం ఇప్పటికీ తడబడతాయి, నాదైతే తడబడింది. అందుకే చరణంలో ఫుట్‌స్విచ్ ఆఫ్, పల్లవిలో స్వరాలు నిలబెట్టి పాడే చోట మాత్రమే ఆన్. స, ష లాంటి అక్షరాలు కూడా మూడు గొంతుల్లో ఒకేసారి స్స్స్ మని పాము బుస కొట్టినట్టు వస్తుంటే హార్మొనీని వేరే ట్రాక్‌లో రికార్డ్ చేసి దానికి డీఎసర్ (ఆ బుసని తగ్గించే ఎఫెక్ట్) గట్టిగా వేశా.

ఇంతా చేసి ఒక వారం వింటూ కూర్చునేసరికి కింద గొంతు పాడే లైన్ నాకే నోటికి వచ్చేసింది. దాన్ని మ్యూట్ చేసి నేనే పాడి రికార్డ్ చేశా, అక్కడక్కడా శ్రుతి కాస్త అటూ ఇటూ అయినా అదే బాగుంది. పైది మాత్రం మెషీన్‌దే ఉంచా, అంత ఎత్తుకి నా గొంతు లేవదు.