రియోహా ద్రాక్షతోటల నుంచి గెటారియా రేవు దాకా

స్పెయిన్ వెళ్తున్నామంటే తెలిసినవాళ్లందరూ అడిగింది ఒకటే, బార్సిలోనాలో ఎన్ని రోజులు అని. ఒక్క రోజు కూడా లేదు. మాడ్రిడ్ కూడా లేదు, ఫుట్‌బాల్ స్టేడియం అసలే లేదు. మా ఆయనకి వైన్ పిచ్చి, నాకు చేపల పిచ్చి, ఇద్దరికీ క్యూలో నిలబడటమంటే చిరాకు. అందుకని బిల్బావోలో దిగి, కారు అద్దెకి తీసుకుని, దక్షిణంగా రియోహా ద్రాక్షతోటల్లోకి వెళ్లి, మళ్లీ ఉత్తరానికి తిరిగి సముద్రం ఒడ్డున తేలాం. మొత్తం కలిపినా హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లొచ్చినంత దూరం ఉండదు.

బయల్దేరే ముందే ఒక ఒప్పందం చేసుకున్నాం. అక్కడ లీటరు రక్తంలో 0.5 గ్రాముల ఆల్కహాల్ దాటితే బండి నడపకూడదు, పైగా అవన్నీ మలుపుల రోడ్లు. కాబట్టి ఒకరోజు స్టీరింగ్ తనది, గ్లాసు నాది, మర్నాడు తారుమారు. డ్రైవింగ్ వంతు వచ్చినవాళ్లు రుచి చూసి ఉమ్మేయాలి. దానికి బోదెగాలో (వైనరీని అక్కడ అలాగే అంటారు) బల్ల మీదే ఒక పాత్ర పెడతారు, ఎవరూ వింతగా చూడరు. తన వంతు వచ్చిన రోజు మా ఆయన ఆ పాత్ర వైపు చూసిన చూపు మాత్రం చెప్పలేను.

సెప్టెంబర్ ఆఖరు, కోతల కాలం. ట్రెయిలర్ నిండా నల్ల ద్రాక్ష వేసుకున్న ట్రాక్టర్లు రోడ్డు మీద నత్తనడకన పోతుంటే వాటి వెనకే మేమూ పోయాం, ఓవర్‌టేక్ చేయాలని కూడా అనిపించలేదు. మన సంగారెడ్డి వైపు ద్రాక్ష పందిళ్లు చూసిన కళ్లకి ఇక్కడి పాత తోటలు విచిత్రంగా ఉంటాయి. పందిరి లేదు, తీగ లేదు, మోకాలెత్తు మొద్దు, దాని మీద గుబురుగా ఆకులు, కింద ఎర్రమట్టి. ఉత్తరాన సియెర్రా దె కాంతాబ్రియా కొండలు గోడ కట్టినట్టు నిలబడి అట్లాంటిక్ వానల్ని చాలావరకు అటే ఆపేస్తాయి, ఇటు పక్క ఎబ్రో నది. ఈ రెండింటి మధ్యలోనే ఇక్కడి వైన్ కథంతా.

మొదట హారో. చిన్న ఊరే, కానీ రైల్వే స్టేషన్ చుట్టూ వందేళ్లు దాటిన బోదెగాలు గుంపుగా ఉన్నాయి. స్టేషన్ పక్కనే ఎందుకంటే, ఫ్రాన్స్‌లో ఫిలాక్సెరా అనే పురుగు తోటల్ని తినేస్తున్న రోజుల్లో బోర్డో వ్యాపారులు వైన్ కోసం ఇక్కడికి వచ్చారు. పీపాలు రైలెక్కించాలి కదా, అందుకని పట్టాలకి ఆనుకునే కట్టేశారు. లోపెస్ దె ఎరెదియా 1877 నాటిది, దాని ఇరుగుపొరుగు కూనే 1879, లా రియోహా ఆల్తా 1890. ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచే వెళ్లొచ్చు, కాబట్టి ఆ రోజుకి మా ఒప్పందం రద్దు.

లోపెస్ దె ఎరెదియా నేలమాళిగ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. మెట్లు దిగుతుంటేనే చలి, తడి రాయి వాసన. గోడల మీద నల్లటి బూజు, పైన సాలెగూళ్లు. మా అత్తగారు చూస్తే చీపురు పట్టుకునేవారు. కానీ అవి కావాలనే ఉంచినవి, సీసాల బిరడాల్ని తొలిచే చిమ్మెటల్ని సాలీళ్లు తినేస్తాయట. పీపాలు కూడా వాళ్ల వడ్రంగులే అక్కడే చేసుకుంటారు. అక్కడి తెల్ల వైన్ సంవత్సరాల తరబడి పీపాలో ఉండి బయటికొస్తుంది. గ్లాసులో పోస్తే తేనె రంగు, ముక్కు దగ్గర పెడితే వేయించిన జీడిపప్పు వాసన, తాగితే మాత్రం పుల్లగా, చురుగ్గా ఉంది. ఎర్ర వైన్‌కి పేరుపడ్డ చోట నాకు గుర్తుండిపోయింది ఈ తెల్లదే.

సీసా మీద క్రియాన్సా, రెసెర్వా, గ్రాన్ రెసెర్వా అని రాసుంటే అది ధర పెంచడానికి పెట్టిన బిరుదు కాదు, రూలు. ఎర్ర వైన్‌లో క్రియాన్సా రెండేళ్లు, రెసెర్వా మూడేళ్లు ఆగాలి, అందులో కనీసం ఏడాది ఓక్ పీపాలో. గ్రాన్ రెసెర్వాకి ఐదేళ్లు, కనీసం రెండేళ్లు పీపాలో, రెండేళ్లు సీసాలో. ఇంకో సంగతి, పూర్తి శాకాహారులు తప్పకుండా అడిగి తాగండి. కొన్ని బోదెగాల్లో వైన్ తేటపడటానికి ఇప్పటికీ కోడిగుడ్డు తెల్లసొన వేస్తారు, మడ్డిని పట్టుకుని అడుక్కి దిగుతుంది.

లాగ్వార్దియా గుట్ట మీది గోడ ఊరు. గోడ లోపలికి కార్లు రానివ్వరు, ఎందుకంటే ఊరి కిందంతా నేలమాళిగలే, నేల బోలుగా ఉంటుంది. సాంతా మరియా చర్చి వాకిట్లో 14వ శతాబ్దపు రాతి శిల్పాలు, వాటికి 17వ శతాబ్దంలో వేసిన రంగులు ఇప్పటికీ ఉన్నాయి. బయట ఇంకో గోడ కట్టి ఎండావానా తగలనివ్వకపోవడం వల్ల నిలిచాయి.

ఇక తిండి. నేను బీఫ్, పోర్క్ తినను, మా ఆయన కదిలేదేదైనా తింటాడు. రియోహా బంగాళదుంపల కూర ఎర్రగా, చిక్కగా, మంచి వాసనతో వస్తుంది, చూడగానే నోరూరుతుంది, కానీ అందులో చొరీసో, అంటే పంది సాసేజ్, ఉంటుంది. మాంసం వద్దని చెప్పి సలాడ్ అడిగితే పైన ట్యూనా వేసి తెచ్చారు. ఇంకోచోట హామ్ ముక్కలు. వాళ్ల లెక్కలో అది మాంసం కింద రాదు కాబోలు. ఏది తినరో విడివిడిగా పేర్లతో చెప్పడమే మంచిది.

నన్ను ఆదుకున్నది గొర్రెపిల్ల చాప్స్. శీతాకాలంలో కత్తిరించిన ద్రాక్ష కొమ్మల్ని కట్టలు కట్టి ఎండబెట్టి ఉంచుతారు. కట్టకి నిప్పు పెడితే భగ్గున మండి నిమిషాల్లో నిప్పులవుతుంది. వాటి మీద ఇనప జల్లెడ, దాని మీద రెండువేళ్ల మందం కూడా లేని చాప్స్, పైన ఉప్పు. అంతే, ఇంకేం లేదు. కొవ్వు కారి చిటపటలాడటం, ఆ పొగ, ఎముక పట్టుకుని చేత్తోనే తినడం, పక్కన చవకరకం కుర్ర వైన్. దీనికి గ్రాన్ రెసెర్వా అక్కర్లేదు, దండగ కూడా.

టైమింగ్స్ సంగతి ముందే తెలుసుకుని వెళ్లండి. మధ్యాహ్న భోజనం రెండింటి నుంచి, రాత్రి భోజనం తొమ్మిది దాటాక. సాయంత్రం ఆరున్నరకి ఆకలితో ఊరంతా తిరిగినా పొయ్యి వెలిగించినవాడు ఒక్కడు లేడు. మధ్యాహ్నం పూట ఒకే ధరకి రెండు వంటకాలు, ఏదో తీపి, బ్రెడ్డు, చాలాచోట్ల వైన్ కూడా కలిపి ఇచ్చే మెనూ ఉంటుంది, మా అసలు భోజనం అదే. రాత్రికి చిరుతిళ్లతో సరిపెట్టాం.

ఆ చిరుతిళ్లకి లొగ్రోన్యోలో కాయె లౌరెల్ అనే సందు. అటూ ఇటూ బార్లు, చాలావాటికి ఒక్కో వంటకమే ప్రత్యేకం. ఒక బార్‌లో పుట్టగొడుగులు తప్ప ఇంకేం లేదు. పుల్లకి మూడు గుచ్చి, పైన చిన్న రొయ్య, కింద బ్రెడ్డు ముక్క. పెనం మీంచి తీసి వెల్లుల్లి నూనె ధారగా పోస్తాడు, అదంతా బ్రెడ్డులోకి ఇంకుతుంది. ఒక్కసారే నోట్లో పెట్టుకుంటే నోరు కాలుతుంది, ఆగితే నూనె మోచేతి దాకా కారుతుంది. నిలబడి తిని, చిన్న గ్లాసు వైన్ తాగి, పక్క బార్‌కి. కూర్చుని కబుర్లు చెప్పుకుంటామంటే ఆ సందు మీకు నచ్చదు.

అక్కణ్ణుంచి సాన్ సెబాస్టియన్. కొండలు దాటగానే ఎర్రమట్టి పోయి పచ్చగడ్డి, తుంపర. అందమైన బీచే, కాదనను. కానీ పాత ఊరి బార్లలో జనం, తోపులాట, ధరలు, లొగ్రోన్యో తర్వాత నాకు ఎక్కలేదు. మా ఆయన ఒప్పుకోడు, మూడు బార్లలో నిలబడి ఆంకోవీ (ఉప్పులో ఊరిన చిన్న చేప), ఆలివ్, పచ్చిమిర్చి ఊరగాయ పుల్లకి గుచ్చిన పించో, అంటే అక్కడి చిరుతిండి, లాగించాడు. ఆ మిర్చిలో కారం లేదని మాత్రం బాధపడ్డాడు. మిరపకాయని అమెరికా నుంచి పట్టుకొచ్చినవాళ్లే దాన్ని ఇంత సాధువుని చేశారేమిటని.

నాకోసం గెటారియా ఉంది. పక్కూరు సరౌత్‌లో కారు ఆపేసి సముద్రం గోడ పక్క బాట మీద నాలుగు కిలోమీటర్లు నడిచాం, అలలు గట్టిగా కొడితే నీళ్లు బాట మీద పడతాయి. ఊళ్లోకి వెళ్లేసరికి రెస్టారెంట్ల బయట, వీధిలోనే, బొగ్గుల పొయ్యిలు. టర్బట్ అనే బల్లపరుపు చేపని ముక్కలు చేయకుండా, చేప ఆకారంలోనే ఉన్న ఇనప వలలో బిగించి నిప్పుల మీద తిప్పుతూ, సీసాలోంచి నూనె, వెనిగర్ చిలకరిస్తాడు. చర్మం కింద జిగురంతా ఆ నూనెతో కలిసి చిక్కటి పులుసవుతుంది. వడ్డించే ఆయన చెంపలు విడిగా తీసి నా పళ్లెంలో వేశాడు, రెక్కల దగ్గరి ఎముకలు చేత్తో పట్టుకుని చీకమన్నాడు. చేప తల తినడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు, ఆయనే కాసేపు నిలబడి చూశాడు. కిలో లెక్కన ధర కడతారు, ముందే తూకం అడగండి.

దీనికి తోడు ఊరి పైన కొండవాలు తోటల్లోంచే వచ్చే చకోలీ అనే తెల్ల వైన్. సీసా పైకెత్తి ఎత్తు నుంచి గ్లాసులోకి సన్నటి ధారగా పోస్తారు, సన్నని బుడగలు, పచ్చి ఆపిల్ పులుపు, తేలిక. బయట ఇది పెద్దగా దొరకదు, దొరికినా ఈ చేప ఉండదు.

ఊరి విగ్రహం ఎల్కానోది. 1519లో మెగెల్లన్‌తో బయల్దేరి, దారిలో ఆయన చనిపోతే, 1522లో మిగిలిన ఒక్క ఓడని ప్రపంచం చుట్టి వెనక్కి తెచ్చింది ఈ ఊరి మనిషే. ఓడ నిండా లవంగాలు. సుగంధ ద్రవ్యాల కోసం భూగోళం చుట్టొచ్చినవాడి ఊళ్లో చేప మీద ఉప్పు తప్ప మసాలా లేదు, ఆ చేపకి నాకు మసాలా గుర్తు కూడా రాలేదు.

తిరుగు ప్రయాణంలో మిగిలింది సీసాల తగాదా. మనిషికి రెండు లీటర్లే డ్యూటీ లేకుండా తీసుకురావచ్చు, ఒకరి వాటా ఇంకొకరితో కలపనివ్వరు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు మనిషికి రెండు, ఇద్దరికీ నాలుగు. మా ఆయన నాలుగూ ఎర్రవే అన్నాడు. బేరమాడి హారో తెల్లది ఒకటి, చకోలీ ఒకటి ఇరికించాను. చకోలీ దాచుకునేది కాదు, కుర్రగా ఉండగానే తాగాలి, అందుకని వచ్చిన ఆదివారమే వంజరం వేపుడుతో తెరిచేశాం. ఈసారి కారం దండిగానే వేశాను.