రెండో బ్రష్ ఎందుకు కొన్నానంటే

మొన్నటి ప్రయాణంలో మూడో రోజు పొద్దున గడ్డం గీసుకునే బ్రష్ డబ్బా మూత తీయగానే గుప్పున కొట్టిన వాసన ఇంకా గుర్తుంది. తడిసి ముద్దైన గోనెసంచి వాసన. బయలుదేరే రోజు హడావుడిలో గడ్డం గీసుకుని, బ్రష్‌ను రెండుసార్లు విదిలించి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించేశాను. అది పంది వెంట్రుకల బ్రష్. నీళ్లు వెంట్రుకల సందుల్లో నిలవడమే కాదు, వెంట్రుక కూడా నీళ్లు పీల్చుకుంటుంది. గాలి ఆడని చోట రెండు రోజులు మగ్గితే అంతే మరి. సబ్బుతో మూడుసార్లు కడిగి, కిటికీ దగ్గర రోజంతా ఆరబెట్టాక గానీ ఆ వాసన వదల్లేదు. రెండో బ్రష్ కొనాలని ఆరోజే నిర్ణయించుకున్నాను.

మొదటిదాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఐదేళ్లుగా దానితోనే గీసుకుంటున్నాను. కొత్తలో ముఖం మీద చీపురు పుల్లల్లా గుచ్చుకునేది, నురగ సగంలోనే చచ్చిపోయేది. నెల పైన వాడాక వెంట్రుకల కొనలు చీలి మెత్తబడ్డాయి. మొదలు బిరుసు, కొన మెత్తన. పంది వెంట్రుకల బ్రష్‌కు ఉన్న అందమంతా అక్కడే ఉంది. గట్టి సబ్బు బిళ్ల మీద తిప్పితే అది తవ్వుకొచ్చినట్టు సబ్బును ఎత్తుకొస్తుంది. ఇటలీ ఒమేగా, పోర్చుగల్ సెమోగ్ బ్రష్‌లను ఇంతమంది ఏళ్ల తరబడి వదలకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

రెండోది అనగానే నా మనసు బ్యాడ్జర్ అనే అడవి జంతువు వెంట్రుకలతో చేసే బ్రష్ వైపే పోయింది. ఇంగ్లండ్‌లో 1919లో మొదలైన సింప్సన్ కంపెనీ బ్రష్‌ల గురించి చదివీ చదివీ, ఒక మెట్టు ఎక్కడమంటే బ్యాడ్జర్ కొనడమే అన్న అభిప్రాయం బలపడిపోయింది. అదృష్టం కొద్దీ ఒక స్నేహితుడు తన బ్యాడ్జర్ బ్రష్‌ను రెండు వారాలు వాడుకోమని ఇచ్చాడు. 26 మిల్లీమీటర్ల వ్యాసమున్న కుచ్చు, పొడుగాటి వెంట్రుక. చెంపకు ఆనిస్తే హాయిగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ నేను గిన్నెలో నురగ చేసుకోను, ముఖం మీదే చేసుకుంటాను. ఆ బ్రష్ కాస్త నొక్కితే చాలు వాలిపోయేది. గట్టి సబ్బును సరిగా ఎత్తుకునేది కాదు. ఎత్తుకున్నదంతా కుచ్చు కడుపులోనే దాచుకుని, నీళ్లు మాత్రం మోచేతి దాకా కారనిచ్చేది. అదే బ్రష్‌తో నా స్నేహితుడు క్రీమును గిన్నెలో గిలకొట్టుకుంటే మీగడ లాంటి నురగ వస్తుంది. బ్రష్‌లో లోపం లేదు, నా అలవాటుకు అది సరిపడలేదు.

ఆ రెండు వారాల్లోనే ఇంకో రెండు సంగతులు తెలుసుకున్నాను. బ్యాడ్జర్ వెంట్రుక నాణ్యతను చెప్పే ప్యూర్, బెస్ట్, సిల్వర్‌టిప్ అనే పేర్లకు అందరూ ఒప్పుకున్న ఒకే కొలత లేదు. ఒకరి బెస్ట్ ఇంకొకరి ప్యూర్ కావచ్చు. రెండోది, ఆ వెంట్రుక కోసం జంతువును చంపుతారు. అది తెలిశాక చెయ్యి ముందుకు సాగలేదు. గుర్రపు వెంట్రుక బ్రష్‌నూ కాసేపు ఆలోచించాను. మెడ మీది జూలు నుంచీ తోక నుంచీ కత్తిరించి తీస్తారు, చంపనక్కర్లేదు. అయితే అదీ తీరిగ్గా ఆరవలసిందే, నా ప్రయాణాల ఇబ్బంది దానితో తీరదు.

చివరికి సింథటిక్, అంటే కృత్రిమ పోగుల బ్రష్ తీసుకున్నాను. పాత నైలాన్ బ్రష్‌ల గురించిన చెడ్డపేరు నా మనసులోనూ ఉండేది. ఇప్పటి పోగులు వేరు. సన్నగా, కొన దగ్గర ఇంకా సన్నబడుతూ ఉంటాయి. పోగు నీరు పీల్చదు కాబట్టి విదిలించి తువ్వాలుతో ఒత్తితే కొన్ని గంటల్లో ఆరిపోతుంది.

కొలత దగ్గర మాత్రం వారం పైనే ఆలోచించాను. ఎక్కువమంది కుచ్చు వ్యాసం ఒక్కటే చూస్తారు. వెంట్రుక పొడుగు కూడా అంతే ముఖ్యం. ఒకే వ్యాసానికి పొడుగు తగ్గేకొద్దీ బ్రష్ బిగువుగా నిలబడుతుంది, పెరిగేకొద్దీ వాలుతుంది. ముఖం మీదే నురగ చేసుకునేవాడికి ఆ బిగువు కావాలి. మరీ పెద్ద కుచ్చయితే పై పెదవి దగ్గర నురగ ముక్కులోకి పోతుంది. అందుకని 24 మిల్లీమీటర్ల వ్యాసం, 50 మిల్లీమీటర్ల పొడుగు ఎంచుకున్నాను. పిడి నడుము దగ్గర సన్నగా ఉన్నది చూసుకున్నాను, తడి చేత్తో పట్టుకున్నా జారదు. నా పాత బ్రష్ చెక్క పిడిని కూడా నీళ్లలో ముంచి నానబెట్టడం వల్ల రంగు పగుళ్లిచ్చింది. నానాల్సింది కుచ్చు కొనలే.

కొత్తది వచ్చిన మొదటి వారం నురగ కుదర్లేదు. సగం ముఖం గీసేసరికి మిగతా సగం ఎండిపోయేది. తప్పు నా పాత అలవాటుది. పంది వెంట్రుకలు నానేటప్పుడే నీళ్లు దాచుకుంటాయి, సింథటిక్ దాచుకోదు. పైగా సబ్బును చాలా త్వరగా ఎత్తుకుంటుంది. పాతదానితో నలభై సెకన్లు తిప్పే చోట దీనికి పదిహేను చాలు. ఆ తర్వాత చుక్క చుక్కగా నీళ్లు కలుపుకుంటూ పోవాలి. గుండ్రంగా తిప్పడం తగ్గించి, గోడకు సున్నం వేసినట్టు పైకీ కిందకీ ఆడిస్తే నురగ అద్దం మీద చిందడం కూడా ఆగింది.

నా మెడ మీద వెంట్రుకలు అడ్డంగా మొలుస్తాయి. రెండో విడత గీసేటప్పటికి చర్మం ఎర్రబడుతుంది. ఆ విడతకు ఈ మెత్తటి బ్రష్ ఎంతో సుఖం. రెండు రోజుల గడ్డం పెరిగినప్పుడు మాత్రం పాతదే తీస్తాను, ఆ రుద్దుడుకు వెంట్రుకలు లేచి నిలబడతాయి.

నేను ఎదురుచూడని మార్పు పాత బ్రష్‌లో వచ్చింది. ఇదివరకు రోజూ తడుస్తూ అది పూర్తిగా ఆరిన రోజే లేదు. దాదాపు ప్రతిరోజూ చెంప మీద ఒకటో రెండో వెంట్రుకలు ఊడి కనిపించేవి. ఇప్పుడు దానికి మధ్యలో రెండేసి రోజుల విరామం దొరుకుతోంది. మూడు వారాలుగా ఒక్క వెంట్రుక ఊడలేదు. నిన్న పొద్దున చేతిలోకి తీసుకుంటే కుచ్చు మొదలు దాకా పొడిగా, కొత్తదానిలా విచ్చుకుని ఉంది.