రెండు షిప్పుల మధ్య ఒక వేసవి

షిప్పు దిగి ఇంటికొచ్చిన మొదటి రాత్రి నాకెప్పుడూ నిద్ర పట్టదు. ఎనిమిది నెలలు జనరేటర్ హోరులో పడుకున్నవాడికి మా ఊరి నిశ్శబ్దం అలవాటు కావాలంటే నాలుగైదు రోజులు పడుతుంది. ఈసారీ అంతే. మార్చి మధ్యలో సింగపూర్‌లో సైనాఫ్ అయ్యాను, అంటే కాంట్రాక్టు ముగించి షిప్పు దిగాను. విశాఖ దాకా విమానం, పలాస దాకా రైలు, అక్కణ్ణుంచి ఆటో. ఆ రాత్రి రెండింటికి ఉలిక్కిపడి లేచి పెరట్లో కూచున్నాను. షిప్పులో హోరు ఆగిందంటే కరెంటు పోయిందని అర్థం, బూట్లు తొడుక్కునే టైమ్ కూడా ఉండదు. ఇక్కడేమో కొబ్బరి మట్టలు గాలికి కొట్టుకుంటున్నాయి, అంతే.

తెల్లారేసరికి ఊరివాళ్ల ప్రశ్న మొదలు. "ఎప్పుడొచ్చినావు?" అని అడిగిన నోటితోనే "మళ్లీ ఎప్పుడెల్తావు?" అంటారు. వాళ్లననీ లాభం లేదు. శ్రీకాకుళం జిల్లా తీరాన ఉన్న మా ఉద్దానంలో ఏ వీధికెళ్లినా షిప్పుల్లోనో గల్ఫులోనో పనిచేసేవాడు ఒకడైనా ఉంటాడు. వచ్చినవాడు వెళ్లేవాడేనని అందరికీ తెలుసు.

నేను బల్క్ క్యారియర్లలో, అంటే ఖనిజం, బొగ్గు లాంటి సరుకు మోసే షిప్పుల్లో, ఇంజిన్ రూం ఫిట్టర్ని. వెల్డింగు, లేతు పని, పంపులు విప్పి బిగించడం. మాకు జీతం షిప్పు మీదున్నన్నాళ్లే. దిగిన రోజు నుంచి అంతా చేతి ఖర్చే. మూడు నెలలు సెలవంటే విన్నవాళ్లకు కుళ్లు పుడుతుంది గానీ, మూడో నెలలో బ్యాంకు మెసేజ్ చూసుకుంటే మాకే భయం పుడుతుంది. దానికి తోడు కాగితాలు. మెడికల్ సర్టిఫికెట్ గడువు రెండేళ్లకే తీరిపోతుంది. అగ్నిమాపక శిక్షణకీ, సముద్రంలో ప్రాణరక్షణ శిక్షణకీ అయిదేళ్లకోసారి రిఫ్రెషర్ చెయ్యాలి. సీడీసీకి, అంటే నావికుడి గుర్తింపు పుస్తకానికి, పదేళ్లు గనక ప్రస్తుతానికి దిగుల్లేదు. ఎల్లో ఫీవర్ టీకా 2016 నుంచి ఒకసారి వేసుకుంటే జీవితాంతం పనికొస్తుంది, ఆ పసుపుపచ్చ కార్డు మాత్రం పారేసుకోకూడదు. ఇవి కాక రోజుల లెక్క ఒకటి. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు దేశంలో ఉన్నామంటే పన్ను లెక్కల్లో ఎన్నారై హోదా పోతుంది, అందుకని పాస్‌పోర్టులో ముద్రలు మేమే ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుంటాం. ఈసారి నాకు మెడికలూ రిఫ్రెషరూ రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి.

రిఫ్రెషర్ గురించి టెన్షన్ లేదు. మెడికల్ అంటేనే. ఉద్దానం మనిషికి రక్తపరీక్ష అంటే ఒకటే అర్థం, క్రియాటినిన్. కిడ్నీల పని తగ్గేకొద్దీ పెరిగే నంబరు అది. పక్క జిల్లావాడికి ఆ మాటే తెలియకపోవచ్చు. మా ఊళ్లో చదువురాని ముసలమ్మ కూడా "ఫలానావాడికి నాలుగు దాటిందట" అంటుంది. ఎన్నో ఏళ్లుగా ఎంతమంది వచ్చి నీళ్లు, మట్టి, రక్తం పట్టుకెళ్లి పరీక్షించినా, ఈ కిడ్నీ జబ్బు మాకే ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. నీళ్లన్నారు, ఎండలో పనన్నారు, పురుగుమందులన్నారు. ఇప్పుడు హిరమండలం రిజర్వాయరు నీళ్లు పైపుల్లో వస్తున్నాయి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా తెరిచారు. అయినా ఆ నంబరు మీద భయం అలాగే ఉంది.

నిజానికి నా నంబరు కంటే నాన్న నంబరు గురించే నా దిగులు.

ఏప్రిల్ మొదటి వారం నుంచి నాన్నతో పాటు జీడితోటకి వెళ్లడం మొదలుపెట్టాను. రాలిన పళ్లు ఏరి, పిక్క మెలితిప్పి వేరు చేసి, బుట్టలో వెయ్యాలి. పొద్దెక్కక ముందే చెయ్యాలి. పండు రసం బట్టకంటిందంటే ఆ మరక చిరిగేదాకా వదలదు. మా తోటలో సగం చెట్లు ఇంకా పిల్లవే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పాతవాటిని కూకటివేళ్లతో పెకిలించేసింది. అప్పుడు నేను సముద్రం మీద ఉన్నాను, నాన్న ఫోన్లో "ఇల్లుంది, తోట నేదు" అని మాత్రం అన్నాడు. తర్వాత అదే మనిషి ఒక్కో గొయ్యీ తవ్వి మళ్లీ మొక్కలు వేశాడు. అరవై దాటినవాడు.

ఈసారి చూస్తే వంగి లేవడానికి చెట్టు పట్టుకుంటున్నాడు. మధ్యాహ్నం చొక్కా జేబులోంచి ఓ మాత్ర తీసి చెంబు నీళ్లతో మింగాడు.

"ఏటి నాన్నా అది?"

"మోకాళ్లకిరా. మందులోడు ఇచ్చినాడు."

"ఎన్నాళ్లబట్టి?"

"ఏమో, సంక్రాంతి నుంచేమో."

సంక్రాంతి నుంచి రోజూ నొప్పి మాత్ర! కిడ్నీలకు నొప్పి మాత్రలు పడవని మా ప్రాంతంలో డాక్టర్లు మైకుపెట్టి చెప్పినంత పని చేశారు. అదే మాట అంటే, "మోకాలు నొప్పెడితే మోకాలికి మందు ఎయ్యాల గాని కిడ్నీకేటి?" అన్నాడు. పరీక్ష చేయించుకుందాం రమ్మన్నాను. పలాస అరగంట దూరం. ససేమిరా అన్నాడు. కారణం రాత్రి అన్నం దగ్గర అమ్మ చెప్పింది. ఆ ఆసుపత్రి వరసలో నిలబడితే తెల్లారేసరికి ఊరంతా పాకిపోతుంది, తమ్ముడికి సంబంధాలు చూస్తున్న టైమ్‌లో ఇదెందుకని ఆయన భయం. కోపం వచ్చింది గానీ ఏమీ అనలేకపోయాను. కిడ్నీ జబ్బున్న ఇల్లంటే పిల్లనివ్వడానికి వెనకాడేవాళ్లు నిజంగానే ఉన్నారు.

అందుకని సింహాచలం పేరు చెప్పాను. "నా మెడికల్‌కి ఎలాగూ విశాఖ వెళ్లాలి, నువ్వూ రా, అప్పన్న దర్శనం చేసుకుని అక్కని కూడా చూసొద్దాం." అప్పన్న పేరెత్తితే నాన్న కాదనలేడు. అక్కా బావా గాజువాకలో ఉంటారు. ఏప్రిల్ చివర్లో ఇద్దరం రైలెక్కాం.

రిఫ్రెషర్ తొందరగా చెప్పేస్తాను, చెప్పుకోవడానికి పెద్దగా లేదు. లైఫ్‌జాకెట్ తొడుక్కుని పైనుంచి ఈతకొలనులోకి దూకాలి, బోల్తాపడిన లైఫ్‌రాఫ్ట్‌ని నీళ్లలోనే తిరగెయ్యాలి. నాతో పాటు ఉన్న కుర్రాళ్లకి ఆట, నలభైకి దగ్గరపడ్డ నాకు నడుంనొప్పి. వాళ్లలో ఒకడు ఉద్యోగం ఇప్పిస్తానన్న ఏజెంటుకి నాలుగు లక్షలు కట్టి ఏడాదిగా తిరుగుతున్నాడట. ఈ వేసవిలో మా ఇంటికొచ్చి "బావా, నన్నూ ఎక్కించు" అన్న ప్రతి కుర్రాడికీ చెప్పిందే వాడికీ చెప్పాను. నావికుల్ని ఉద్యోగాల్లో పెట్టే ఏజెంట్లకి ప్రభుత్వమిచ్చే లైసెన్సు, ఆర్‌పీఎస్‌ఎల్, దాని నంబరు లేనివాడి ముందు కూర్చోనే వద్దు. ఉన్నవాడు కూడా ఉద్యోగానికని నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు, చట్టం అదే చెబుతోంది. విని తలూపాడు. నాలుగు లక్షలు ఎలా వస్తాయో మాత్రం నేనూ చెప్పలేకపోయాను.

మెడికల్ రోజు నాన్నని వెంటబెట్టుకుని వెళ్లాను. డీజీ షిప్పింగ్, అంటే షిప్పుల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం, దాని గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గరే మాకు చెల్లుతుంది. కళ్లు, రంగులు గుర్తుపట్టే పరీక్ష, చెవులు, ఈసీజీ, రక్తం, మూత్రం. ఇంజిన్ రూంలో పదిహేనేళ్లు చేసినవాడికి చెవుల పరీక్షే గండం, గట్టెక్కాను. రక్తం ఇచ్చాక నాన్న వైపు తిరిగి, "ఎలాగూ వచ్చాం కదా, నువ్వూ ఓ సూది పొడిపించుకో. ఇక్కడ మన ఊరోళ్లెవరున్నారు?" అన్నాను. చుట్టూ చూశాడు. నిజంగానే ఎవరూ లేరు. చొక్కా చెయ్యి తనే పైకి మడిచాడు.

రిపోర్టులు సాయంత్రం అయిదుకి. మధ్యలో సింహాచలం వెళ్లొచ్చాం. నేను అబద్ధమాడి తీసుకొచ్చానని ఆయనకి తెలుసు. ఆయనకి తెలిసిందని నాకూ తెలుసు. వరసలో నిలబడి పులిహోర బాగుందని మాట్లాడుకున్నాం.

నాది 1.0. నాన్నది 1.6.

నా కాగితం మీద ఫిట్ అని ముద్ర పడింది, ఆ ముద్ర వైపు నేను సరిగ్గా చూడను కూడా లేదు. బావకి తెలిసిన కిడ్నీ డాక్టరుకి నాన్న రిపోర్టు చూపించాం. కొంచెం ఎక్కువే, ఒక్క పరీక్షతో ఏదీ తేల్చలేం, ముందు నొప్పి మాత్రలు పూర్తిగా మానెయ్యాలి, బీపీ చూసుకోవాలి, ఎండలో పని తగ్గించాలి, మూడు నెలల తర్వాత మళ్లీ రక్తం ఇవ్వాలి అన్నారాయన. నాన్న అంతా విని ఒకే ఒక్కటడిగాడు. "మరి మోకాళ్లకేటి సెయ్యాల బాబూ?" డాక్టరు నవ్వి, రాసుకునే మందూ వ్యాయామమూ చెప్పారు. తిరుగు రైల్లో నాన్న కిటికీ పక్కన కూచుని చాలాసేపు మాట్లాడలేదు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ దాటాక, "అమ్మకి సెప్పకు" అన్నాడు. అమ్మకి అప్పటికే అక్క ఫోన్ చేసి చెప్పేసింది.

మే రెండో వారంలో అమ్మవారి సంబరం. మా ఊళ్లో మూడేళ్లకోసారి. పోయినసారి నేను ఆస్ట్రేలియా దగ్గర లంగరు మీద ఉండి ఫోన్లో చూశాను. సంబరానికి మూడు రోజుల ముందు కంపెనీ నుంచి ఫోన్, "అయిదు రోజుల్లో జాయిన్ అవుతావా?" అని. నెలాఖరు దాకా కుదరదన్నాను. "సరే, చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం" అన్న మాటకి రెండు నెలలు ఖాళీగా కూచున్నవాళ్లు నాకు తెలుసు. అయినా వెళ్లాలనిపించలేదు.

ఇంటికి నలభైమంది చుట్టాలు. చెన్నై, హైదరాబాద్, సూరత్, దుబాయ్ నుంచి నాతో చదివినవాళ్లంతా దిగారు. రాత్రి బారువ తీరానికి వెళ్లి ఇసుకలో కూచున్నాం. ఒకడు ముంజలు తెచ్చాడు, ఒకడు కల్లు తెచ్చాడు. మాలో ఒకడు మాత్రం వారానికి రెండుసార్లు సోంపేట వెళ్లి డయాలసిస్ చేయించుకుంటాడు. టెన్త్‌లో మా వాలీబాల్ కెప్టెన్. వాడు రోజుకి ఇన్ని నీళ్లే తాగాలని లెక్క. ముంజలు వద్దన్నాడు, కల్లు సరేసరి. స్టీలు గ్లాసులో రెండు ఐసు ముక్కలు తెచ్చుకుని ఒకటి బుగ్గన పెట్టుకున్నాడు. "నువ్వు ఎనిమిది నెలలు నీళ్ల మీదుంటావు, నాను నీళ్లు లెక్కెడతాను" అని వాడే నవ్వాడు. మాకు నవ్వు రాలేదు. నాన్న సంగతి ఆ రాత్రి వాడొక్కడికే చెప్పాను. "తెలీడమే మంచిదిరా. నాకు తెలిసేసరికి తొమ్మిదుంది" అన్నాడు.

ఆ తర్వాత రోజులు పరుగెత్తాయి. పిక్కల బస్తాలు అమ్మాం. మా దగ్గర 80 కిలోలు ఒక బస్తా. ఎప్పటిలాగే రైతు ఒక ధర, వ్యాపారి ఒక ధర, మధ్యలో ఆఫ్రికా నుంచి దిగుమతయ్యే పిక్కల ప్రస్తావన. సువర్ణరేఖ మామిడిపళ్లు అయిపోయాయి. ఆవకాయ జాడీలకి వాసెన కట్టారు. జూన్ పదిహేనుకి కంపెనీ ఫోన్ వచ్చింది, బ్రెజిల్‌లో జాయినింగు.

వెళ్లే ముందు వంటింట్లో క్యాలెండరు మీద జూలై 28 చుట్టూ ఎర్ర పెన్నుతో గీశాను. తమ్ముడు నాన్నని విశాఖే తీసుకెళ్తాడు, పలాస ఊసు ఎత్తకూడదని మా ఇద్దరికీ ఒప్పందం. నాన్న ఆ గుండ్రం చూసి "ఏదైనా పండగా?" అన్నాడు.

జూలై 28కి మేం ఇనుప ఖనిజం వేసుకుని ఆఫ్రికా కింద నుంచి చైనా వైపు వెళ్తున్నాం. షిప్పులో నెట్ అలలతో పాటు పైకీ కిందకీ. తమ్ముడు పంపిన రిపోర్టు ఫొటో సగమే తెరుచుకుంది. 1 కనిపిస్తోంది, చుక్క కనిపిస్తోంది, ఆ పక్కది నాలుగో తొమ్మిదో తెలియడం లేదు. డ్యూటీ దిగి ఫోన్ చేశాను. నాన్నే ఎత్తాడు.

"నంబరెంత నాన్నా?"

"కొబ్బరికాయ రేటు పెరిగిందిరా."

"నాన్నా, నంబరు."

"ఇక్కడ వానలు బాగున్నాయి. నువ్వు భోంచేసినావా?"

వెనకనుంచి అమ్మ గొంతు, ఫోన్ లాక్కున్నట్టుంది. "1.4 అటరా. పొద్దున్నుంచి ఊరంతా తిరిగి సెప్పుకొచ్చినాడు, నీకు సెప్పడానికే సిగ్గు."