చివరి చెంబు నీళ్ళు

తలంటి అయ్యాక తల్లి చివరి చెంబు నీళ్ళు బిడ్డ తల చుట్టూ మూడుసార్లు తిప్పి, "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు" అని పక్కకు పారబోస్తుంది. భోగికి, ఉగాదికి, నరక చతుర్దశికి తెల్లవారకముందే అభ్యంగనం చేయాలని పంచాంగం చెబుతుంది కానీ ఈ చెంబు సంగతి చెప్పదు. అది అమ్మమ్మల నుంచి అమ్మలకు చేతి అలవాటుగా వచ్చింది. నిజానికి ఆ రెండు మాటల్ని విప్పితే బుధకౌశిక ఋషి రామరక్షా స్తోత్రంలోని కవచమంతా అందులోనే కనిపిస్తుంది.

"శిరో మే రాఘవః పాతు ఫాలం దశరథాత్మజః
కౌసల్యేయో దృశౌ పాతు విశ్వామిత్రప్రియః శ్రుతీ
ఘ్రాణం పాతు మఖత్రాతా ముఖం సౌమిత్రివత్సలః"

తలను రాఘవుడు, నుదుటిని దశరథుని కొడుకు, కళ్ళను కౌసల్య బిడ్డ, చెవులను విశ్వామిత్రుడికి ఇష్టుడు, ముక్కును యాగాన్ని కాచినవాడు, నోటిని లక్ష్మణుడంటే ప్రాణమైనవాడు కాపాడుగాక. మొదటి మూడు పేర్లూ ఇంటి పేర్లే: వంశం, తండ్రి, తల్లి. శివధనుస్సు విరిచినవాడు భుజాల దగ్గరికి వచ్చాకే వస్తాడు, రావణుణ్ణి చంపినవాడు పిక్కల దాకా దిగాక గానీ రాడు. పిల్లవాడి కళ్ళు కాయడానికి పిలిచింది మాత్రం కౌసల్య కొడుకుని.

స్తోత్రం నడిచే దారీ, నూనె చెయ్యి నడిచే దారీ ఒకటే. అందుకే శ్లోకం వేరుగా, తలంటి వేరుగా చేయనక్కర్లేదు.

ఐదారేళ్ళ పిల్లలకు నువ్వుల నూనె నాలుగైదు చెంచాలు చాలు. నూనె గిన్నెను పొయ్యి మీద పెట్టకుండా వేడినీళ్ళ గిన్నెలో ఉంచి, ముందు మీ మణికట్టు మీద చూసుకోండి. ముగ్గు వేసిన చోట పీట మీద తూర్పుముఖంగా కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, పువ్వుతో గానీ గరికతో గానీ మూడుసార్లు మాడున నూనె అంటాలి. "అశ్వత్థామా బలిర్వ్యాసో" అంటూ ఏడుగురు చిరంజీవుల్ని తలచే శ్లోకం ఇక్కడే చదువుతారు. ఆ తర్వాత "శిరో మే" అంటూ అరచేత్తో మాడు, వేలి కొసలతో నుదురు. కళ్ళ దగ్గర కనుబొమల మీదే ఆగాలి, చెవుల దగ్గర వెనక మడతలకే రాయాలి. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేసే పాత అలవాటు మానేయాలి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి జబ్బు చేస్తుందని పిల్లల వైద్యులు గట్టిగా చెబుతారు. ఘ్రాణాన్ని మఖత్రాతకే వదిలేయడం మంచిది!

చివరి పంక్తి "పాదౌ విభీషణశ్రీదః" అని మొదలవుతుంది, విభీషణుడికి సిరినిచ్చినవాడు పాదాలను కాపాడుగాక అని. నూనె కూడా పాదాలకు చివరనే. నూనె కాళ్ళతో గచ్చు మీద నడిస్తే పిల్లలు జారిపడతారు, కాబట్టి రాశాక దింపకూడదు. పావుగంట అక్కడే పీట మీద, చలికి పాత నూలు పంచె చుట్టి. ఆ పావుగంటలో పిల్లలు ఎన్ని ప్రశ్నలు అడుగుతారో చెప్పనక్కర్లేదు. చేతికి నూనె ఉంది కనక ఫోను ముట్టుకునే వీలు ఎవరికీ ఉండదు.

సున్నిపిండికి అరకిలో పెసలు, పావుకిలో శనగపప్పు, వంద గ్రాముల బియ్యం, యాభై గ్రాముల కచ్చూరాలు, పాతిక గ్రాముల కస్తూరి పసుపు. పెద్దవాళ్ళ పిండిలో వేసే బావంచాల గింజలు ఎండ తగిలితే చర్మం కందేలా చేస్తాయి, పిల్లల పిండిలో వద్దు. మరీ మెత్తగా ఆడిస్తే ముద్దకట్టి జిడ్డు వదలదు. బరకగా ఉంటే చర్మం గీరుకుంటుంది, ఆపైన ఏ పండక్కీ పిల్లవాడు పీట ఎక్కడు. జల్లెడ పట్టి, తడిపి, రుద్దకుండా ఒత్తి నలిచి తీయాలి.

తలకు ఆరేడు కుంకుడుకాయలు. గింజలు తీసి రాత్రే వేడినీళ్ళలో నానబెట్టి, పొద్దున పిసికి, గుడ్డలో వడగట్టాలి. పొట్టు మిగిలితే జుట్టులో చిక్కుకుంటుంది. ఏడుపంతా వచ్చేది ఈ రసం కంట్లో పడితేనే. తల ముందుకు వంచి పోయడమే అసలు తప్పు. తల వెనక్కి వాల్చి, నుదుటి మీద ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టి, వెనక్కి పోయాలి. అయినా పడితే చన్నీళ్ళతో కడగడమే మందు. నాలుక మీద ఉప్పుకల్లు వేసేవాళ్ళూ ఉన్నారు. ఉప్పు మంటను ఆర్పదు గానీ ఏడుపును కాసేపు మళ్ళిస్తుంది.

నరక చతుర్దశినాడు స్నానం మధ్యలో ఉత్తరేణి కొమ్మ తల చుట్టూ తిప్పుతారు. దాని గింజలు తడి జుట్టుకు అంటుకుంటే ఊడవు, కాస్త ఎత్తుగా తిప్పండి.

భాగవతం దశమ స్కంధంలోనూ ఒక తలంటి ఉంది. కృష్ణుడు బోర్లా పడిన వేడుక, జన్మనక్షత్రం కలిసివచ్చిన రోజున యశోద బిడ్డకు మంగళస్నానం చేయించి, నిద్ర ముంచుకొస్తున్న వాణ్ణి బండి కింద పడుకోబెట్టింది. వచ్చిన ముత్తైదువలకు మర్యాదలు చేస్తూ ఉండిపోయింది. వాడు లేచి పాలకు ఏడ్చాడు. ఆమెకు వినపడలేదు. కాళ్ళు తన్నుకుంటే బండి బోల్తాపడింది. వేడుక ఎవరి కోసమో వాడి ఏడుపే ఆ సందడిలో మునిగిపోయింది. పండగ పూట పిల్లల తలంటి వంట మొదలుపెట్టకముందే, చుట్టాలు దిగకముందే ముగించాలని పెద్దవాళ్ళు పట్టుబట్టేది ఊరికే కాదు.

అంతకు ముందు అధ్యాయంలో, పూతన చచ్చిపడ్డాక, గోపికలు బిడ్డకు రక్ష కట్టారు. ఆవుతోక తిప్పి, గోమూత్రంతో కడిగి, గోధూళి అద్ది, ఒళ్ళంతా విష్ణునామాలు. "అవ్యాదజోఽంఘ్రి" అంటూ వాళ్ళు పాదాల నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళారు, రామరక్షకు ఎదురు దారిలో. చంటిబిడ్డ విషయంలో ఇదే సుఖం. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ముందు తల తడిపితే గుక్కపట్టి ఏడుస్తాడు. పాదాల నుంచి వస్తే చెయ్యి అలవాటై బెదరడు. పీట మీద కూర్చునే వయసొచ్చాక తల నుంచి.

ఆ రక్ష అంతా అయ్యాక, భాగవతం వినిపిస్తున్న శుకుడు చెప్పింది ఒక్క వాక్యం: "పాయయిత్వా స్తనం మాతా సంన్యవేశయదాత్మజమ్". అమ్మ పాలిచ్చి కొడుకుని పడుకోబెట్టింది. తలంటిన పిల్లలకు ముందు ఆకలి, వెంటనే నిద్ర. సాంబ్రాణి పొగ కళ్ళకు తగలకుండా దూరం నుంచి పట్టి, మాడు తడి ఆరిందో లేదో వేళ్ళతో చూసి, వేడన్నంలో నెయ్యి వేసి నాలుగు ముద్దలు పెట్టండి. కొత్త బట్టలు లేచాక వేసుకుంటాడు.