నైరోబీలో మూణ్ణెల్ల సూది

నైరోబీ వెళ్తున్నానని చెప్పగానే అందరూ అడిగింది సింహాల గురించే. చూశాను, బాగున్నాయి, వాటి గురించి రాసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను రాయాలనుకుంటున్నది ఎయిర్‌పోర్టుకి అంత దగ్గర్లో ఉన్నా టూరిస్టులెవరూ దిగని పైప్‌లైన్ అనే పేట గురించి, అక్కడి ఆడవాళ్లు పిల్లల్ని ఎప్పుడు కనాలో, ఎప్పుడు వద్దో ఎలా లెక్కేసుకుంటున్నారనే దాని గురించి.

మా అక్కా బావా నైరోబీలోనే పార్క్‌లాండ్స్ అనే పేటలో ఉంటారు. ఆ చుట్టుపక్కలంతా గుజరాతీలూ పంజాబీలూ, డైమండ్ ప్లాజాకి వెళ్తే కందిపప్పు దగ్గర్నుంచి కరివేపాకు దాకా దొరుకుతుంది. నైరోబీ 1899లో రైల్వే డిపోగా పుట్టిన ఊరు, ఆ పట్టాలు వేసింది చాలావరకు మన దేశం నుంచి ఓడల్లో తీసుకెళ్లిన కూలీలే. 2017లో కెన్యా ప్రభుత్వం అక్కడి భారత సంతతి వాళ్లని దేశంలో 44వ తెగగా గుర్తించింది కూడా. నేను వెళ్లింది 2025 జూలైలో. జూలై అక్కడ చలికాలం, రోజంతా స్వెట్టర్ వేసుకుని తిరిగానంటే ఒంగోల్లో ఎవరూ నమ్మలేదు.

అక్క ఇంట్లో పనికొచ్చే ఆవిడ పైప్‌లైన్ నుంచి వస్తుంది, రెండు మటాటూలు మారాలి. మటాటూ అంటే ప్రైవేటు మినీ బస్సు, ఒళ్లంతా బొమ్మలు, లోపల చెవులు చిల్లులు పడేలా పాటలు. ఒకరోజు ఆవిడ మర్నాడు పొద్దున రానని చెప్పింది. జబ్బేమో అనుకుని అడిగితే అక్క నవ్వేసింది. "జబ్బేం కాదే, పిల్లలు పుట్టకుండా వేయించుకునే సూది. మూణ్ణెల్లకోసారి వెళ్తుంది" అంది. నేనూ వెంట వెళ్తానంటే, "అక్కడ నీకేం పనే, ఫోను లోపల పెట్టుకో మరి" అని గొణిగింది కానీ ఆపలేదు.

నాకెందుకంత ఆసక్తి అంటే, మా అమ్మ కనిగిరి దగ్గర ఒక పీహెచ్‌సీలో ఏఎన్ఎంగా చేసి రిటైరైంది. మా ఇంట్లో 'కేసులు' అంటే కోర్టు కేసులు కాదు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. ఈ నెల ఎన్ని కేసులు, ఫలానా ఊరి కేసు చివరి నిమిషంలో జారిపోయింది, పక్క సబ్‌సెంటర్ ఆవిడ మన కేసు తన్నుకుపోయింది, భోజనాల దగ్గర ఇవే కబుర్లు. మార్చి వచ్చిందంటే టార్గెట్ టెన్షన్. మేమిద్దరం మాకిద్దరు అని గోడల మీద ఎర్ర త్రికోణం పక్కన రాసిన అక్షరాలతోనే నేను చదవడం నేర్చుకున్నానని అమ్మ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

పైప్‌లైన్‌కి తాజ్ మాల్ అనే స్టేజీలో దిగాలి. ఆ మాల్‌ని 2018లోనే కూల్చేశారు, కండక్టర్లు మాత్రం ఇంకా అదే పేరు అరుస్తారు. అక్కణ్నుంచి లోపలికి నడిస్తే ఏడెనిమిది అంతస్తుల భవనాలు ఒకదాన్నొకటి ఆనుకున్నట్టు లేచి ఉంటాయి, మధ్యాహ్నం పూట కూడా సందుల్లో ఎండ పడదు. ప్రతి అంతస్తులోనూ నడవాకి అటూ ఇటూ గదులు, ఒక్కో గది సుమారు పది అడుగులకి పది అడుగులు, ఒక్కో గదిలో ఒక కుటుంబం, బాత్రూమ్ నడవా చివర అందరికీ ఒకటే. నీళ్లు రోజూ రావు, పసుపు రంగు ఇరవై లీటర్ల డబ్బాల్లో కొనుక్కుని మెట్లెక్కించాలి. పక్కనే ముకూరు క్వా న్జెంగా, అదంతా రేకుల ఇళ్లు. ముకూరు నుంచి పైప్‌లైన్‌లో గదికి మారడమంటే జీవితంలో ఒక మెట్టెక్కినట్టే లెక్క అని ఆవిడ గర్వంగానే చెప్పింది.

ఆవిడ పేరు రాయను. ముప్పై నాలుగేళ్లుంటాయి. పుట్టింది పడమటి కెన్యాలో, కకమేగా వైపు పల్లెలో, వాళ్లమ్మకి తొమ్మిదిమంది. ఈవిడకి ఇద్దరే, ఇద్దరి మధ్యా ఎనిమిదేళ్ల తేడా. మొదటి బిడ్డ పుట్టేటప్పటికి స్కూల్ చదువు పూర్తి కాలేదు. తర్వాత నైరోబీ వచ్చి ఇళ్లల్లో పని, కొన్నాళ్లు గికోంబా మార్కెట్లో పాత బట్టల వ్యాపారం. ఆ ఎనిమిదేళ్లూ ఏం చేశావని అడిగితే అన్నీ టకటకా లెక్క చెప్పింది: పాపని బళ్లో వేసింది, చీటీ పాటలాంటి ఆడవాళ్ల గ్రూపులో చేరి (వాళ్లు చామా అంటారు) కుట్టుమిషన్ కొంది, రేకుల ఇంట్లోంచి ఈ గదికొచ్చింది, అప్పుడు ఇంకో బిడ్డ కావాలనుకుని సూది మానేసింది. బాబు పుట్టాక మళ్లీ మొదలుపెట్టింది. మూడో బిడ్డ సంగతేంటి అంటే, "ఇప్పుడే కాదు" అంది. వద్దు అనలేదు.

ఈ 'ఇప్పుడే కాదు' అనే మాట మా అమ్మ ఉద్యోగంలో ఎప్పుడూ విన్నట్టు లేదు. మన దగ్గర పద్దెనిమిది ఇరవైకి పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు, పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్, పని అయిపోయింది. ఆంధ్రలో పెళ్లయిన ఆడవాళ్లలో వందకి దాదాపు డెబ్బైమంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, మాత్రలూ లూపూ వాడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. కెన్యాలో దీనికి పూర్తిగా తలకిందులు. 2022 నాటి వాళ్ల జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన ఆడవాళ్లలో 57 శాతం ఏదో ఒక ఆధునిక పద్ధతి వాడుతున్నారు, అందులో ఎక్కువమంది ఇంజక్షన్ మీదో, చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ మీదో ఉన్నవాళ్లు. అంటే కావాలనుకున్నప్పుడు ఆపేయగలిగే పద్ధతులు. మన ప్రభుత్వం ఇదే రకం ఇంజక్షన్‌ని 'అంతర' పేరుతో మొదలుపెట్టింది 2017లో.

క్లినిక్ ప్రభుత్వానిదే, చిన్నది, వరండాలో బెంచీలు, బెంచీల నిండా ఆడవాళ్లు, ఒళ్లో పిల్లలు. గోడకి అన్ని పద్ధతులూ ఉన్న చార్టు, టేబుల్ మీద ఇంప్లాంట్ ఎక్కడ పెడతారో చూపించే ప్లాస్టిక్ చెయ్యి. క్యూలో కాసేపు కూర్చుంటే చాలు, అన్నీ మాట్లాడేసుకుంటున్నారు, ఒకావిడ ఇంప్లాంట్ పెట్టించుకున్నాక నెలంతా బ్లీడింగ్ అవుతోందని తీయించుకోవడానికొచ్చింది, ఇంకొకావిడ మొగుడికి తెలియకూడదని సూదే బాగుంటుందంటోంది, ఎందుకంటే ఇంప్లాంట్ అయితే చేతికి తగులుతుంది, మాత్రలైతే పర్సులో కనిపిస్తాయి. ఒక పద్దెనిమిదేళ్ల పిల్ల మాత్రం తల వంచుకుని చివర్న కూర్చుంది. పెళ్లి కాని పిల్లలు క్లినిక్‌కి రావాలంటే సిగ్గుపడి మందుల షాపుకే పోతారని, అక్కడ పీ-టూ అనే అత్యవసర మాత్ర కొనుక్కుని దాన్నే మళ్లీ మళ్లీ మింగుతుంటారని నర్సు విసుక్కుంది. ఆ దేశంలో 15 నుంచి 19 ఏళ్ల మధ్య ఆడపిల్లల్లో వందకి 15 మంది అప్పటికే గర్భం దాల్చినవాళ్లు. గర్భం వచ్చిందంటే చదువు ఆగినట్టే.

నర్సుకి మా అమ్మ ఉద్యోగం గురించి చెబితే కుర్చీ లాగి కూర్చోబెట్టింది. ఇక్కడ ఆపరేషన్ ఎందుకు చేయించుకోరని అడిగాను. ఆవిడ నా వైపు జాలిగా చూసి, "బిడ్డ చచ్చిపోతే?" అంది. ఇది ఊరికే అన్న మాట కాదు. 2000 సంవత్సరంలో ఏపీహెచ్ఆర్‌సీ అనే నైరోబీ పరిశోధనా సంస్థ మురికివాడల్లో సర్వే చేస్తే, వెయ్యిమంది పిల్లల్లో సుమారు 150 మంది ఐదేళ్లు నిండకుండా పోతున్నారని తేలింది, అప్పటికి కెన్యా పల్లెల్లో ఆ లెక్క 113. నగరం మొత్తానికైతే 62. పల్లె కంటే పట్నం నయమని వచ్చినవాళ్లకి పల్లెకంటే ఘోరం దొరికింది. ఆ తర్వాత పరిస్థితి చాలా మెరుగైంది, కానీ ఆ కాలంలో చెల్లెళ్లనీ తమ్ముళ్లనీ పోగొట్టుకున్న పిల్లలే ఇప్పుడు తల్లులు. శాశ్వతంగా తలుపు మూసెయ్యమంటే ఎందుకు మూస్తారు? పైగా మొగుడు పోవచ్చు, వదిలేయొచ్చు, మళ్లీ పెళ్లి చేసుకోవాల్సి రావచ్చు. బిడ్డల మధ్య ఎడం పెరిగితే ఉన్న బిడ్డ బతుకుతుంది అనేది మాత్రం ఇక్కడ ప్రతి తల్లికీ తెలుసు.

ఆ రాత్రి బావగారితో వాదన పడింది. ఎక్స్‌ప్రెస్‌వే కట్టినా ట్రాఫిక్ తగ్గలేదని ఆయన రోజూ తిట్టుకుంటూ ఇంటికొస్తారు, "వీళ్లు పిల్లల్ని కనడం ఆపితే తప్ప ఈ ఊరు బాగుపడదు" అన్నారు. చాలామంది మనవాళ్లు ఇదే అంటారు. కానీ లెక్క చూస్తే అలా లేదు. 1970ల చివర్లో కెన్యాలో ఒక్కో ఆడమనిషికి సగటున ఎనిమిదిమంది పిల్లలు, ప్రపంచంలోనే అత్యధికాల్లో ఒకటి. 1967లోనే, సహారాకి దిగువనున్న ఆఫ్రికాలో అందరికంటే ముందు, జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమం పెట్టిన దేశం అది, అయినా ఫలితం కనబడటానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2022కి ఆ సగటు 3.4కి దిగింది. నైరోబీలో ఎంతో తెలుసా, 2.5. మన బీహార్ 3.0. అంటే బీహార్ కంటే నైరోబీ ఆడవాళ్లే తక్కువమందిని కంటున్నారు. 2019 జనాభా లెక్కల్లో నైరోబీలో ఇంటికి సగటున, పెద్దలతో కలిపి, ముగ్గురు మనుషులు కూడా లేరు.

మరి 1963లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి మూడున్నర లక్షలున్న ఊరు 2019కి 44 లక్షలు ఎలా అయింది? వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు, వచ్చేవాళ్లలో ఎక్కువమంది కుర్రవయసువాళ్లే, వాళ్లు ఒక్కొక్కరు ఇద్దర్ని కన్నా ఊరు పెరుగుతుంది. నిన్నటి తరం కన్న పిల్లలు ఇవాళ తల్లిదండ్రుల వయసుకొచ్చారు. సూది వేయించుకుంటే ట్రాఫిక్ తగ్గదు, బావగారూ. మురుగు కాలువలూ నీళ్ల పైపులూ వేయాల్సినవాళ్లు వేయకుండా, ఎనిమిదంతస్తులకి ఎలాగో పర్మిషన్లు ఇచ్చేసి, తప్పు ఆడవాళ్ల కడుపుల మీదకి నెట్టడం చాలా తేలిక. నాకు కనబడినంతలో ఆ సూది మార్చింది ఊరి సైజుని కాదు. పాప స్కూల్ ఫీజు కట్టగలిగిన ఎనిమిదేళ్లని ఒక మనిషి చేతిలో పెట్టింది. ప్రభుత్వ బడులు చాలక ముకూరులో పిల్లలు ఎక్కువమంది రేకుల షెడ్లలో నడిచే చిన్న ప్రైవేటు బడులకి వెళ్తారు, అక్కడ నెల నెలా ఫీజు. ఇద్దరికి కట్టగలరు, ఐదుగురికి కట్టలేరు. ఈ లెక్క వాళ్లకి ఏ ప్రభుత్వమూ నేర్పలేదు, గది అద్దె నేర్పింది. ప్రభుత్వం చేయాల్సింది, లెక్క వేసుకున్న మనిషికి మందు అందుబాటులో ఉంచడం.

చిక్కంతా అక్కడే ఉంది. అమ్మకి వీడియో కాల్‌లో ఇదంతా చెబితే ఆవిడ ఎడం గురించీ స్వేచ్ఛ గురించీ ఏమీ అనలేదు, ఫీల్డులో పనిచేసిన మనిషి కదా, "స్టాకు ఎక్కణ్నుంచి వస్తుందే?" అని అడిగింది. ఆపరేషన్ ఒకసారి అయిపోతే మళ్లీ ఎవరి అవసరమూ లేదు. సూదికి మూణ్ణెల్లకోసారి, ఇంప్లాంట్‌కి మూడేళ్లకో ఐదేళ్లకో, ఎక్కడో తయారైన సరుకు ఓడెక్కి, గోడౌన్ దాటి, ఆ బెంచీల దాకా రావాలి. 2013లో దాతల సంస్థలు పెద్ద ఎత్తున కొంటామని కంపెనీలకి హామీ ఇవ్వబట్టి ఇంప్లాంట్ ధర సగానికి తగ్గి సుమారు ఎనిమిదిన్నర డాలర్లకొచ్చింది, కెన్యాలో అది అంతగా పాకడానికి అదొక కారణం. అలాగే ఆ డబ్బు పక్కకి తిరిగితే ఏమవుతుందో కూడా వాళ్లు ఒకసారి చూశారు. 1998లో 4.7 ఉన్న సంతాన సగటు 2003కి 4.9 అయింది, ఎయిడ్స్ మీదకి నిధులూ దృష్టీ మళ్లి గర్భనిరోధక మందులు నిండుకున్న రోజులవి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసినప్పటి నుంచి ఆ నర్సుకి మళ్లీ అదే భయం పట్టుకుంది.

మన దగ్గర మరో విడ్డూరం. పిల్లలు పుట్టడం తగ్గిపోతోందని, ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనని 2024 నవంబర్లో ఆంధ్ర అసెంబ్లీ ఎత్తేసింది. కేసుల కోసం ఎండలో ఊళ్లు తిరిగిన మా అమ్మ ఆ వార్త చదివి పేపర్ మడిచి పక్కన పెట్టిందట. ఇప్పుడు కనమన్నా, ఎప్పుడో ఇరవై నాలుగేళ్లకే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఎలా కంటారు?

ఆ రోజు క్లినిక్‌లో ఆవిడకి సూది పడింది. కార్డు మీద నర్సు తర్వాతి తేదీ వేసిచ్చింది, అక్టోబర్లో. నేను అప్పటికి ఒంగోలు వచ్చేశాను. అక్కని అడిగితే చెప్పింది, ఆ తేదీకి వెళ్తే క్లినిక్‌లో స్టాకు లేదన్నారట, వచ్చే వారం రమ్మన్నారట. ఆవిడ ఆగలేదు. చామాలో తీసుకోవాల్సిన డబ్బుల్లోంచి కొంత ముందే అడిగి తీసుకుని, తాజ్ మాల్ స్టేజీ దగ్గర మందుల షాపులో వేయించుకుని మధ్యాహ్నానికి పనికొచ్చేసిందట.