బిడ్డింగ్ ముగిశాక కూడా దాన్ని మరచిపోకూడదు

బ్రిడ్జ్ నలుగురు ఇద్దరిద్దరు జంటలుగా ఆడే పేకాట. ముందు వేలంలా ఎన్ని పట్టులు గెలుస్తామో పలకాలి, అదే బిడ్డింగ్; నలుగురూ ఒక్కో ముక్క వేస్తే ఒక పట్టు. ఎక్కువ పలికిన జంట మాటే కాంట్రాక్టు, దాన్ని ఆడి నిలబెట్టుకోవాలి. ఇందులో మొదటి మెట్లు త్వరగానే ఎక్కవచ్చు. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున పాయింట్లు లెక్కపెట్టుకోవడం, 12, 13 పాయింట్లు ఉంటే ఓపెన్ చేయడం (మొదటి బిడ్ చెప్పడం), భాగస్వామి వన్ నో ట్రంప్ (తురుపు లేకుండా ఏడు పట్టులు) అంటే స్టేమన్ అడగడం (ఆఠీనులో ఇస్పేటులో నాలుగు ఉన్నాయా అని తెలుసుకునే బిడ్), స్లామ్‌కు (పన్నెండు లేదా పదమూడు పట్టుల కాంట్రాక్టుకు) వెళ్లే ముందు బ్లాక్‌వుడ్ అనే బిడ్‌తో భాగస్వామి ఆసులు తెలుసుకోవడం వంటివి శ్రద్ధగా ఆడేవారికి కొద్దికాలంలోనే పట్టుబడతాయి. ఆ తరువాత ఆట ఒకచోట ఆగిపోతుంది. ఆగిపోయినవారిలో ఎక్కువమంది వెంటనే కొత్త కన్వెన్షన్ల (స్టేమన్, బ్లాక్‌వుడ్ లాగా ముందే అర్థం కుదుర్చుకున్న బిడ్ల) వెంట పడతారు. అది దాదాపు వృథా ప్రయాస అని నా అభిప్రాయం. మధ్యస్థాయి ఆటగాడికి లోపించేది ఇంకొక కన్వెన్షన్ కాదు. బిడ్డింగ్‌లో తాను విన్న సమాచారాన్ని మొదటి ముక్క బల్ల మీద పడగానే వదిలేయకుండా, పదమూడో పట్టు దాకా వెంట ఉంచుకునే అలవాటు. బిడ్డింగ్‌నూ డిఫెన్స్‌నూ (ఎదుటి జంట కాంట్రాక్టును ఓడించే ఆటను) వేరువేరు పాఠాలుగా నేర్చుకోవడం వల్లనే ఈ అలవాటు రాదు.

మనవైపు పేకాట అనగానే రమ్మీయే గుర్తుకు వస్తుంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1960ల చివర్లో రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా గుర్తించింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవలసి ఉంటుందని చెబుతూ, రమ్మీలోని అదృష్టం పాలు బ్రిడ్జ్‌లో ముక్కలు పంచినప్పుడు ఉండే అదృష్టం లాంటిదేనని పేర్కొంది. పక్కవాడు ఏ ముక్క ఎత్తాడో, ఏది పారేశాడో గమనిస్తూ రమ్మీ ఆడినవారు బ్రిడ్జ్‌కు వస్తే డిఫెన్స్‌లో ఇతరులకంటే ముందుంటారని నేను నమ్ముతాను. అయితే రమ్మీలో గమనించవలసినది ఆట మొదలయ్యాకే ఉంటుంది. బ్రిడ్జ్‌లో ఒక్క ముక్క కూడా పడకముందే సగం కథ బయటపడుతుంది.

ఒక బోర్డును, అంటే ఒకసారి పంచిన నాలుగు చేతులను, దగ్గరగా చూద్దాం. ఆడేవారిని దిక్కుల పేర్లతో పిలుస్తారు, ఎదురెదురు దిక్కులవారు ఒక జంట. దక్షిణం వన్ నో ట్రంప్ అన్నాడు. వారి పద్ధతి ప్రకారం అది 15 నుంచి 17 పాయింట్లు. ఉత్తరం నేరుగా త్రీ నో ట్రంప్ (తొమ్మిది పట్టులు) అన్నాడు, అందరూ పాస్ చేశారు. నేను తూర్పున కూర్చున్నాను. పడమర నుంచి నా భాగస్వామి ఆఠీను జాకీ లీడ్ చేశారు, అంటే మొదటి ముక్కగా వేశారు. డమ్మీలో (బల్ల మీద తెరిచి పెట్టిన ఉత్తరం చేతిలో) ఇస్పేటు రాణి, 6, 3. ఆఠీను 7, 4. డైమను రాణి, 8, 5. కళావరు ఆసు, రాణి, 7, 5, 3 కనిపించాయి. నా చేతిలో ఇస్పేటు జాకీ, 8, 5; ఆఠీను రాజు, 6; డైమను రాజు, జాకీ, 6, 2; కళావరు జాకీ, 10, 9, 4 ఉన్నాయి.

ముక్క వేయకముందే చేయవలసిన తీసివేత ఒకటి ఉంది. పేకలో మొత్తం 40 పాయింట్లు. డమ్మీకి 10, నాకు 9 పోగా మిగిలినవి 21. డిక్లేరరుకు (కాంట్రాక్టు ఆడే దక్షిణానికి) 15 నుంచి 17 ఉన్నాయి కాబట్టి భాగస్వామికి 4 నుంచి 6 మాత్రమే ఉంటాయి. తరువాత లీడ్‌ను చూడాలి. రాణి, జాకీ రెండూ ఉన్నవారు రాణినే లీడ్ చేస్తారు, కాబట్టి ఆఠీను రాణి డిక్లేరరు దగ్గరే ఉంది. నా రాజును ఆసుతో కొట్టి మొదటి పట్టు అతనే తీసుకున్నాడు. తరువాత కళావరు రాజు ఆడి, రెండో కళావరుకు డమ్మీ ఆసు వేశాడు. ఆ రెండో ఆటకే భాగస్వామి దగ్గర కళావరు అయిపోయింది. డిక్లేరరు రాణిని కూడా ఆడి, నాలుగో కళావరును నా జాకీకి వదిలాడు. డమ్మీలోని అయిదో కళావరును నిలబెట్టుకోవడమే అతని ఉద్దేశం.

ఇప్పుడు ఆట నా చేతిలో ఉంది. ఆలోచించకుండా ఆడేవారు భాగస్వామి లీడ్ చేసిన రంగే కదా అని ఆఠీను 6 తిప్పి వేస్తారు. డిక్లేరరు రాణితో గెలిచి, తన తొమ్మిది పట్టులు లెక్కపెట్టుకుంటాడు. విన్నది గుర్తున్నవారు మాత్రం ఇలా ఆలోచిస్తారు. డిక్లేరరు ఇప్పటికి బయటపెట్టినవి ఆఠీను ఆసు, రాణి, కళావరు రాజు, అంటే 9 పాయింట్లు. నాకు కనిపించని పెద్ద ముక్కలు మూడే మిగిలాయి: ఇస్పేటు ఆసు, ఇస్పేటు రాజు, డైమను ఆసు. వన్ నో ట్రంప్ అన్నవాడికి కనీసం 15 ఉండాలి కాబట్టి ఈ మూడింటిలో రెండు అతని దగ్గర ఉండి తీరాలి; మూడూ ఉంటే 20 అవుతుంది కాబట్టి ఒకటి భాగస్వామి దగ్గర ఉండక తప్పదు. ఆ ఒక్కటి ఏదో తెలియదు. కానీ మాకు కళావరు జాకీ కాక ఇంకా నాలుగు పట్టులు వెంటనే కావాలి, ఆ నాలుగూ ఇచ్చే రంగు డైమను ఒక్కటే. భాగస్వామి దగ్గరున్న పెద్ద ముక్క ఇస్పేటుదైతే ఈ కాంట్రాక్టును ఇక్కడికిక్కడ ఓడించే దారి లేదు. డైమను ఆసు అయితే ఉంది. కనుక అది ఉందనుకునే ఆడాలి.

ఏ డైమను ఆడాలన్నది కూడా ముఖ్యమే. రాజును ముందు వేస్తే డమ్మీ రాణి చివరకు ఒక పట్టు తెచ్చుకుంటుంది. 2 వేస్తే భాగస్వామి ఆసుతో గెలిచి, డమ్మీ రాణి, 8 మీదుగా ఇంకొక డైమను పంపుతారు. డమ్మీ ఏది వేసినా దానిపై నా రాజో జాకీయో ఉంటుంది. ఆ రెండో ముక్క గెలిచాక నా 6 నిలబడుతుంది. ఆ బోర్డులో భాగస్వామి దగ్గర డైమను ఆసు, 7, 3 ఉన్నాయి. కాంట్రాక్టు ఒక పట్టు తక్కువైంది. కళావరు అయిపోయినప్పుడు ఆయన మొదటి డిస్కార్డుగా (ఆ రంగు లేక పారేసే ముక్కగా) డైమను 7 వేశారు, అది మాలో ప్రోత్సాహపు సంకేతం. ఆ సంకేతం నాకు సాయపడింది. కానీ దాన్ని చూడకపోయినా లెక్క అక్కడికే తీసుకువెళ్లేది. సంకేతాల మీద మాత్రమే ఆధారపడే డిఫెండర్లు డిక్లేరరు ఎన్ని పాయింట్లు చూపించాడో లెక్కపెట్టరు. నా అనుభవంలో ఆ లెక్కే ఎక్కువ నమ్మదగినది.

పాయింట్ల లెక్క నో ట్రంప్‌లో తేలిక. ఒక రంగు తురుపుగా ఉండే కాంట్రాక్టుల్లో బిడ్డింగ్ చెప్పేది ఎక్కువగా ముక్కల పొడవు గురించి. దక్షిణం వన్ ఇస్పేటు, ఉత్తరం వన్ నో ట్రంప్, దక్షిణం టూ ఆఠీను, ఉత్తరం పాస్ అన్నారనుకోండి. మీరు పడమరన ఇస్పేటు రాజు, జాకీ, 10, 9 పట్టుకుని కూర్చున్నారు. ఉత్తరం ఇస్పేటు వైపు తిరిగి వెళ్లలేదంటే అతని దగ్గర ఆ రంగు చాలా తక్కువ. డిక్లేరరు తన ఇస్పేటులను ఎలాగూ పెద్ద ముక్కలతో గెలవలేడు, అవి మీ దగ్గర ఉన్నాయి. కాబట్టి డమ్మీలోని చిన్న తురుపులతో కొట్టించుకోవాలని చూస్తాడు. మీ మొదటి లీడ్ తురుపే కావాలి, మీ చేయి మళ్లీ గెలిచిన ప్రతిసారీ ఇంకొక తురుపు. సాధారణంగా ఎదుటివారి తురుపును మనమే లాగడం సోమరితనం అంటారు, కానీ ఇక్కడ ప్రతి తురుపు లీడ్ డమ్మీ నుంచి ఒక కొట్టుడును మాయం చేస్తుంది.

అనని బిడ్లు కూడా సమాచారమే. మొదట పాస్ అన్న డిక్లేరరు ఆట మధ్యలో ఒక ఆసు, ఒక రాజు, ఒక రాణి, అంటే 9 పాయింట్లు చూపించాడంటే, ఇంకొక ఆసు అతని దగ్గర ఉండదని దాదాపుగా నిశ్చయించుకోవచ్చు. 13 పాయింట్లతో అతను పాస్ అని ఉండడు. భాగస్వామి ఓవర్‌కాల్ చేసే (ఎదుటివారు ఓపెన్ చేశాక తన రంగు చెప్పే) అవకాశం ఉండీ చేయలేదంటే అతనికి మంచి అయిదు ముక్కల రంగు ఉండే అవకాశం తక్కువ. ఇవి అన్నీ ఒకేసారి పట్టించుకోవడం మొదట్లో సాధ్యం కాదు. నేను ఒకేచోట మొదలుపెట్టమంటాను: డిక్లేరరు చేతి ఆకారం మాత్రమే లెక్కించండి, మిగతా ఇద్దరినీ వదిలేయండి. పదమూడు ముక్కలు ఎక్కువగా విడిపోయే తీరులు కొన్నే. 4-4-3-2 తీరు 21.6 శాతం చేతుల్లో, 5-3-3-2 తీరు 15.5 శాతంలో, 5-4-3-1 తీరు 12.9 శాతంలో వస్తాయి. ఎక్కాలు వచ్చినవాడు వేళ్లు మడవనట్టే, ఈ తీరులు నోటికి వచ్చినవాడికి కూడికతో పనిలేదు. అయిదు, నాలుగు కనిపించగానే మూడు, ఒకటి లేదా రెండు, రెండు అని తడుతుంది.

ఇక ఇదే దృష్టితో బిడ్డింగ్ వైపు చూస్తే కొన్ని విషయాలు తేలికగా అర్థమవుతాయి. ముఖ్యంగా రెండు జంటలూ బిడ్ చేసే పోటీ బిడ్డింగ్‌లో. ఎదుటివారు వన్ ఆఠీను, టూ ఆఠీను అని ఆగిపోయారనుకోండి. వారిద్దరికీ కలిపి సుమారు 20 పాయింట్లు ఉంటాయి, గేమ్‌కు (బోనస్ వచ్చే పెద్ద కాంట్రాక్టుకు) సరిపోయేంత ఉంటే ఆగరు. నా దగ్గర 7 ఉంటే భాగస్వామికి 13 దాకా ఉండాలి. అయినా మౌనంగా ఉన్నారంటే ఆఠీనుల్లో పొడవు ఉండి, చెప్పుకోదగ్గ మరో రంగు లేక ఆగి ఉంటారు. ఇక్కడ పాస్ అని వారిని టూ లెవెల్‌లో హాయిగా ఆడనివ్వడం డూప్లికేట్‌లో (అవే చేతులు అన్ని బల్లల మీదా ఆడి ఫలితాలు పోల్చే పోటీలో) మంచి ఫలితం ఇవ్వదు. డిఫెన్స్‌లో చేసిన తీసివేతనే ఇక్కడ బిడ్ కోసం వాడుతున్నాం.

ఎంతవరకు వెళ్లాలన్న ప్రశ్నకు ఫ్రెంచివాడు జాఁ-రెనె వేర్న్ రూపొందించిన మొత్తం పట్టుల సూత్రం ఇప్పటికీ మంచి దారి చూపుతుంది. రెండు జంటల తురుపుల మొత్తం ఎంతో, వారు వారి తురుపుతోనూ మనం మన తురుపుతోనూ చేయగల పట్టుల మొత్తం సుమారు అంతే ఉంటుంది. మనకు 9 ఆఠీనులు, వారికి 8 ఇస్పేటులు ఉంటే మొత్తం 17. వారు టూ ఇస్పేటులో 8 చేస్తే మనకు 9 వస్తాయి: వారికి 110 స్కోరు ఇవ్వడం బదులు మనమే త్రీ ఆఠీనుతో 140 తెచ్చుకుంటాం. వారు 9 చేయగలిగిన బోర్డులో మనకు 8. నాన్ వల్నరబుల్‌గా (జరిమానా తక్కువగా ఉండే స్థితిలో) ఒకటి తక్కువైతే 50, వారికి ఇచ్చేది 140. ఎటు చూసినా బిడ్ చేయడమే మేలు. సూత్రం అప్పుడప్పుడు ఒక పట్టు అటూ ఇటూ తప్పుతుంది, ముఖ్యంగా ఎదుటివారి రంగులో రాణి, జాకీలు ఉన్నప్పుడు. అలాంటి చేతులతో తగ్గడమే నయం.

పాయింట్లు స్థిరమైనవి కావన్నది కూడా ఇక్కడే తెలుస్తుంది. మీ కుడివైపు ఆటగాడు కళావరు ఓపెన్ చేస్తే మీ కళావరు రాజు విలువ పెరుగుతుంది, ఆసు అతని దగ్గర ఉండి మీకంటే ముందు ఆడవలసి వస్తుంది కనుక. అదే బిడ్ ఎడమవైపు నుంచి వస్తే ఆ రాజు బలహీనపడుతుంది. 

ఓవర్‌కాల్ గురించి మాత్రం గట్టిగా చెబుతాను. మధ్యస్థాయి ఆటగాళ్లు 12 పాయింట్లు ఉంటే జాకీ, 7, 6, 4, 3 వంటి రంగుతో వన్ ఇస్పేటు అంటారు. 8 పాయింట్లే ఉంటే రాజు, రాణి, జాకీ, 9, 3 ఉన్నా పాస్ అంటారు. ఇది తలకిందుల పద్ధతి. చాలాసార్లు చివరి కాంట్రాక్టు ఎదుటివారిదే అవుతుంది, భాగస్వామి మీ రంగును లీడ్ చేస్తారు. మీరు పొగిడిన రంగు కోసం ఆయన తన రాజు కింది నుంచి ముక్క తీసి వేసి, ఒక పట్టు కోల్పోతే ఆ తప్పు ఆ బిడ్‌ది. లీడ్ కోరుకునే రంగుతోనే ఓవర్‌కాల్ చేయాలి, మిగతా 12 పాయింట్ల చేతులకు డబుల్ (భాగస్వామిని తన రంగు చెప్పమని అడిగే బిడ్) ఉండనే ఉంది.

వినడం అంటే గొంతు వినడం, ముఖం చదవడం అని ఎవరూ అనుకోకూడదు. భాగస్వామి తడబడ్డాడన్న సంగతిని వాడుకోవడం నియమ విరుద్ధం. బిడ్డింగ్ బాక్సులు, టోర్నమెంట్లలో తెరలు వచ్చింది అందుకే.

ఈ రకమైన ఆట ఒకే భాగస్వామితో చాలాకాలం ఆడితేనే పదునెక్కుతుంది. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో పురుషుల జోడీలో భారత్‌కు స్వర్ణం తెచ్చిన ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్‌లు అప్పటికి 60, 56 ఏళ్లవారు, ఎంతో కాలంగా కలిసి ఆడుతున్న జంట. బోర్డు అయ్యాక భాగస్వామిని అడగవలసిన ప్రశ్న “ఆ ముక్క ఎందుకు వేశావు?” కాదు, “నా చేతిలో ఏముందని అనుకున్నావు?” అన్నది. మొదటి ప్రశ్నకు సమర్థన వస్తుంది, రెండోదానికి బిడ్డింగ్‌లో ఎక్కడ అర్థం తప్పిందో బయటపడుతుంది. బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ వెబ్‌సైటులో ఆడేవారికి ఇంకొక సౌలభ్యం ఉంది: ఆట అయ్యాక నాలుగు చేతులూ తెరిచి చూడవచ్చు. చూసే ముందు డిక్లేరరు ఆకారం, పాయింట్లు కాగితం మీద రాసుకుని, ఆ తరువాత తెరిచి పోల్చుకోవాలి. మా జంట కన్వెన్షన్ కార్డు మీద ఇప్పుడు రాసుకున్నవి గతంకంటే తక్కువ, కానీ ఎదుటివారు వన్ నో ట్రంప్ ఓపెన్ చేసినప్పుడు మా లీడ్‌లకూ మొదటి డిస్కార్డుకూ అర్థం ఏమిటో ఇద్దరమూ ఒకే మాట చెప్పగలం.