జోడు చదువు: జూన్ నుంచి నవంబరు దాకా

ఈ జూన్‌లో ఒక పద్ధతి మొదలుపెట్టాను. ఒక నవలో కథల పుస్తకమో పట్టుకుంటే, అదే కాలం గురించో అదే ఊళ్ల గురించో జరిగింది జరిగినట్టు రాసిన పుస్తకం ఇంకోటి పక్కన పెట్టుకోవాలి. రెండూ కలిసి నడవాలి. నవంబరు ఆఖరుకి ఆరు పుస్తకాలు పూర్తయ్యాయి, ఒకటి సగంలో ఉంది, ఒకటి ఇంకా నడుస్తోంది.

మాది సఖినేటిపల్లి, ఉద్యోగం నరసాపురంలో. రోజూ గోదారి పాయ వశిష్ఠ దాటాలి. పంటు మీద బళ్లన్నీ సర్దుకుని కదిలి, అవతలి రేవులో దిగేదాకా నాకు ఆరు పేజీలు సాగుతాయి. రానూపోనూ పన్నెండు. రాత్రి అన్నాలయ్యాక రెండో పుస్తకం పది పేజీలు. వారానికి ఆరు రోజులు ఇదే లెక్క. గోదారి ఎర్రబడి వరద వచ్చిందంటే పంటు ఆపేస్తారు, చించినాడ వంతెన మీదుగా బస్సులో చుట్టు తిరిగి వెళ్లాలి. బస్సులో చదివితే నాకు కళ్లు తిరుగుతాయి. ఆగస్టులో లెక్క పడిపోయింది అందుకే.

నోటుబుక్కులో నాలుగు గళ్లు గీసుకున్నాను: తేదీ, పేజీ, నచ్చిన వాక్యం, సందేహం. ఈ నాలుగో గడే ముఖ్యం. నవల చదువుతుంటే వచ్చిన సందేహమే రెండో పుస్తకం ఏదో చెబుతుంది.

మొదట మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టర్ పార్వతీశం’ తీసుకున్నాను. మొదటి భాగం 1924 నాటిది. పార్వతీశానిది మొగల్తూరు, అంటే మాకు గోదారి అవతలి ఒడ్డే. చిన్నప్పుడు అక్కడక్కడా చదివి నవ్వుకున్నదాన్ని, ఇప్పుడు మూడు భాగాలూ వరసగా చదివాను. మొదటి భాగానికి సాటి లేదు. మద్రాసులో దొరల టోపీ అనుకుని ఆడవాళ్ల టోపీ కొనుక్కునే చోట ఇప్పుడూ పైకే నవ్వాను. మూడో భాగంలో నవ్వు తగ్గి స్వాతంత్ర్యోద్యమం వస్తుంది. నడక నెమ్మదిస్తుంది కానీ వదిలేయాలనిపించలేదు.

సందేహం మాత్రం మొదట్లోనే వచ్చింది. అతను రైలెక్కడానికి నిడదవోలు దాకా పడవలో వెళతాడు. ఏ నీళ్ల మీద? గోదారి మీదనే అనుకున్నాను ఇన్నాళ్లూ. పంటు మీద రోజూ కనిపించే పెద్దాయన ఒకరిని అడిగాను.

“గోదారి మీద కాదమ్మా, కాలవ మీద. మా నాన్న గట్టు మీద తాడు భుజానికేసుకుని పడవ లాగేవోడు. లాకుల దగ్గర పడవ ఆగితే అక్కడే వంట చేసుకునేవోరంట” అన్నారాయన.

దాంతో జార్జ్ వాల్చ్ అనే ఇంజనీరు 1896లో గోదావరి డెల్టా పనుల మీద రాసిన ఇంగ్లీషు పుస్తకం ఫోన్‌లో స్కాన్ కాపీ దింపుకున్నాను. సగంలో ఉన్నది ఇదే. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, మధ్యలో లంకలతో కట్టారు. రాయి అక్కడి కొండదే. కాలవలు సాగుకే కాదు, పడవలకూ పనికి రావాలని కాటన్ పట్టుబట్టాడు. ఇది తెలిశాక పార్వతీశం ప్రయాణం నాకు ఇంకోలా కనపడింది. నరసాపురం పల్లం, నిడదవోలు ఎగువ. నీళ్లు దిగివచ్చే దారిలో పడవ పైకి ఎక్కాలి. పడవ లాకులోకి వచ్చాక వెనక తలుపు మూస్తారు. పైనుంచి నీళ్లు వదిలితే, నీళ్లతో పాటు పడవా లేస్తుంది. ఎగువ కాలవతో సమానమయ్యాక ముందు తలుపు తీస్తారు. ఇలా మెట్టు మెట్టుగా ఎక్కి పోయాడన్నమాట మన బారిస్టరు. నవలలో ఆ ప్రయాణం కాసేపే. నేను మాత్రం ఆ పేజీల దగ్గర వారం రోజులున్నాను.

వాల్చ్ పుస్తకం అందరూ చదవగలిగేది కాదు. కొలతలూ ఖర్చులూ ఎక్కువ. చిన్న స్క్రీన్ మీద రాత్రి ఐదు పేజీలు దాటితే కళ్లు మండుతున్నాయి. ఆనకట్ట కట్టుబడి, పడవల రాకపోకలు ఉన్న అధ్యాయాలు ముందు చదివి, మిగతావి తర్వాత చూసుకోవడం మంచిది.

రెండో జోడు కందుకూరి వీరేశలింగం గారిదే రెండు వైపులా: ‘రాజశేఖర చరిత్రము’, ‘స్వీయ చరిత్రము’. నవల ధవళేశ్వరంలో మొదలవుతుంది. గ్రాంథికం కాబట్టి మొదటి పది పేజీలు పైకి చదవండి, చెవికి అలవాటైతే ఆ తర్వాత కష్టం ఉండదు. బంగారం చేసిపెడతానని చెప్పి ఉన్న బంగారం పట్టుకుపోయే బైరాగి భాగం ఈనాటి మోసాలకీ సరిపోతుంది. చివర్లో పోయినవాళ్లంతా వచ్చి కలుసుకోవడం నాకు నమ్మబుద్ధి కాలేదు.

స్వీయ చరిత్రలో పత్రికల తగాదాలూ కోర్టు వ్యవహారాలూ చాలా ఉన్నాయి. కొన్ని పేజీలు దాటేశాను, నోటుబుక్కులో అలాగే రాసుకున్నాను. కానీ 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో జరిగిన మొదటి వితంతు వివాహం దగ్గర పుస్తకం కింద పెట్టలేదు. ఊరు వెలివేసింది. నీళ్లు మోసేవాళ్లు రాకపోతే భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదారికి వెళ్లి బిందెతో నీళ్లు తెచ్చారు. నేను రోజూ దాటేదీ ఆ గోదారి నీళ్లే. ఆ రోజు పంటు మీద నవల తెరవలేదు. ఆయన గురించి చెప్పే ప్రతిచోటా ఆ బిందె గురించి కూడా చెప్పాలని నా ఉద్దేశం.

నాకొచ్చిన కాపీలో పదహారు పేజీలు లేవు. ఒక ఫారం, అంటే ఒకే కాగితం మడిచి చేసే పేజీల కట్ట, మొత్తం కుట్టడం మర్చిపోయారు. అమ్మినవాళ్లు మార్చి ఇవ్వడానికి నెల పట్టింది. పుస్తకం ఇంటికి రాగానే పేజీ నంబర్లు చివరిదాకా తిరగేసి చూసుకోవాలి. పోతే ఎక్కువగా ఫారంకి ఫారమే పోతుంది.

ఇక శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కథలు. ఈ ఆరు నెలల్లో నాకు అన్నిటికన్నా నచ్చినవి ఇవే. మాటలు రాసినట్టుండవు, పక్కింటి అరుగు మీంచి వినపడినట్టు ఉంటాయి. ‘వడ్లగింజలు’లో చదరంగం గళ్లలో గింజలు రెట్టింపు చేసుకుంటూ పోయే లెక్క ఉంది కదా, దాన్ని మా నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన ఊరుకోలేదు. ఇంట్లో ఉన్న స్వర్ణ రకం వడ్లు వెయ్యి గింజలు లెక్కపెట్టి, తెలిసినవాళ్ల బంగారం కొట్లో కాటా మీద తూయించుకొచ్చారు. ఇరవై గ్రాములు. తర్వాత ఇద్దరం కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చున్నాం. పదహారో గడిలో 32,768 గింజలు, అంటే ముప్పావు కిలో కూడా లేదు. “ఇంతేనా” అన్నారు నాన్నగారు. ముప్పై రెండో గడికి 214 కోట్లు దాటాయి, సుమారు 43 టన్నులు. 75 కిలోల బస్తాలైతే 570 పైమాటే. ఎకరానికి ముప్పై బస్తాల చొప్పున పంతొమ్మిది ఎకరాల పంట, ఆ ఒక్క గడికే. ఇంకా సగం పలక మిగిలి ఉంది. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత కథ మళ్లీ మొదటినుంచి చదవమన్నారు.

ఇంత తెలుగు ఈయనకి ఎక్కడిది అనే సందేహానికి జోడీ ఆయన ఆత్మకథే, ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’. ఇప్పుడు నడుస్తున్నది ఇదే. వేదం, సంస్కృతం చదవాల్సిన ఇంట్లో పుట్టి, అక్కడ విలువ లేని తెలుగు వైపు ఎలా వచ్చారో చెబుతారు. తొందరగా చదివే పుస్తకం కాదు. రోజుకి ఎనిమిది పేజీలు దాటడం లేదు, దాటాలని కూడా లేదు.

ముళ్ళపూడి వెంకటరమణ గారి ‘కోతి కొమ్మచ్చి’ మాత్రం నాలుగు రోజుల్లో అయిపోయింది. పేరుకి తగ్గట్టు ఒక జ్ఞాపకం కొమ్మ మీంచి ఇంకో కొమ్మకి దూకుతుంది. ధవళేశ్వరంలో పుట్టి, చిన్నప్పుడే తండ్రి పోయి, తల్లితో మద్రాసు చేరిన పిల్లవాడి కష్టాలు అంత తేలిగ్గా చెప్పారంటే, ఆ తేలికతనం వెనక ఉన్నదేంటో రెండోసారి చదివితే గానీ పట్టుబడదు. దీనికి జోడీ ‘బుడుగు’. అది నాకు ఎప్పుడో కంఠతా వచ్చు.

బుచ్చిబాబు గారి ‘చివరకు మిగిలేది’ కాలేజీ రోజుల్లో సగంలో వదిలేశాను. ఈసారి పూర్తి చేశాను. తల్లి మీద పడ్డ నింద దయానిధిని ఎక్కడికి వెళ్లినా వదలదు. అప్పట్లో అతని మీద విసుగొచ్చింది, ఇప్పుడు జాలి వేసింది. ఆడవాళ్ల గురించి అతను ఆలోచించే తీరుతో మాత్రం ఇప్పటికీ నాకు పేచీ ఉంది. ఇది పంటు మీద చదివే పుస్తకం కాదు, మనిషికి నిశ్శబ్దం కావాలి. నేను పంటు మీద చదివాను, సెప్టెంబరు జల్లుకి తడిపాను. లైబ్రరీ కాపీ కావడంతో టెన్షన్ పడ్డాను. ఎండలో పెడితే కాగితం వంకర్లు పోతుంది. ఐదేసి పేజీలకి ఒక తెల్ల కాగితం పెట్టి, ఫ్యాన్ కింద నిలబెట్టి, రెండు గంటలకోసారి కాగితాలు మార్చాను. తడి పోయాక పుస్తకాన్ని పీట కింద పెట్టి, పైన బరువు వేసి రెండు రోజులు ఉంచాను. అంచున టీ రంగు మరక ఒకటి మిగిలింది. జరిగింది చెప్పి ఇచ్చేశాను, తీసుకున్నారు. అప్పటినుంచి సంచిలో ప్లాస్టిక్ కవరు తప్పనిసరి. బీరువాలో కలరా ఉండలు గుడ్డలో మూటగట్టి పెడుతున్నాను, పుస్తకానికి తగలకుండా. మన తేమకి నెలకోసారి తలుపులు తీసి గాలి తగలనివ్వకపోతే బూజు పట్టేస్తుంది.

డిసెంబరులో వాల్చ్ మిగతా సగం పూర్తి చేయాలి. పెద్దాయన వాళ్ల నాన్న పడవ ఆగిన లాకులు ఏవో గుర్తుచేసుకుని చెబుతానన్నారు. ఒక ఆదివారం నాన్నగారి బండి మీద ఆ కాలవ గట్టు వెంట పైకి వెళతాం, పార్వతీశం మొదటి భాగం సంచిలో పెట్టుకుని.